ఎర్ర చుక్క పెట్టిన కంచం

వేంపల్లె,
ఫిబ్రవరి 18, 2025.

చి.ల.సౌ. అమూల్యకు,

అత్త రాజ్యలక్ష్మమ్మ దీవించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాము అని మొదలుపెట్టడం మర్యాద. మర్యాద కోసం రాశాను గానీ, నువ్వు పుట్టింటికి పోయినప్పటినుంచి ఈ ఇంట్లో క్షేమంగా ఉన్నది ఒక్క టీవీనే. నీ మొగుడు మురళి డ్రిప్ పైపులు అమ్ముకుంటూ ఊళ్లు తిరిగి వచ్చి, తిని, ఫోను పట్టుకుని మిద్దె మీదికి పోతాడు. మీ మామ సంగతి నీకు తెలిసిందే. నేను గోడలతో మాట్లాడుకుంటున్నాను.

ఫోను ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోనులో నువ్వు బాగున్నాను అత్తమ్మా అంటావు, నేను సరే తల్లీ అంటాను, అంతటితో ఇద్దరికీ మాటలు అయిపోతాయి. ఉత్తరంలో అయితే నువ్వు మధ్యలో పెట్టేయలేవు. నాకు చెప్పాలనిపించినంతా చెబుతాను. విసుగొస్తే మడిచి దిండు కింద పెట్టి మళ్లీ చదువుకో.

ముందు పెట్టె సంగతి. ఆర్టీసీ కార్గోలో వేసిన పెట్టెలో అడుగున జొన్నపిండి, పైన మూడు పుస్తకాలు ఉంటాయి. పిండి మన మిషనులో పట్టించింది కాదు, భయపడకు. గోధుమలు పట్టిన రాయి మీద జొన్నలు పడితే ఆ జొన్నపిండి కూడా నీకు విషమేనట. అటక మీది ఇసుర్రాయి దింపించి, కడిగి, ఎండబెట్టి, నేనే విసిరాను. పిండి మిషను యజమాని పెళ్లాం ఇసుర్రాయి ముందు కూర్చుంటే చూసినవాళ్లు ఏమనుకోవాలి? ఎదురింటి రత్నమణి చూడనే చూసింది. కరెంటు లేదా అక్కా అని అడిగింది. లేదని చెప్పాను. ఆమె ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది.

పుస్తకాలు ఎవరు తెప్పించారు, ఎలా తెప్పించారు అని అడగకు, చెప్పను. మూడూ ఇంగ్లీషువే. సీలియాక్ మీద తెలుగులో ఒక్కటైనా దొరుకుతుందేమోనని కడపలో కొట్లన్నీ అడిగించాము. ఒకాయన షుగరు జబ్బు మీద పుస్తకం ఇవ్వబోయాడట. ఇంకొకాయన పేగులకు ఇంతకన్నా మంచిది లేదని గోధుమగడ్డి రసం గొప్పతనం మీద రాసిన పుస్తకం చేతిలో పెట్టాడట. ఆయన తప్పు ఏముంది, మన ఊళ్లలో ఈ జబ్బు పేరు విన్నవాళ్లే తక్కువ. కర్నూలు డాక్టరు నీ గొంతులో గొట్టం వేసి, పేగు ముక్క తీసి పరీక్షకు పంపి పేరు చెప్పేదాకా మనకు మాత్రం తెలుసా?

లావుగా ఉన్న పుస్తకం విదేశాలది. అట్ట మీద ఒక దొరసాని రొట్టె పట్టుకుని నవ్వుతుంటుంది. ఆ రొట్టెలో గోధుమ లేదట, ఆ నవ్వు అందుకే. వంటలు మనకు పనికిరావు, సగం పేర్లకు నాకు నోరు తిరగలేదు. జబ్బు ఏమిటన్నది మాత్రం విడమరిచి చెప్పారు. గోధుమలో, బార్లీలో ఉండే జిగురు లోపలికి పోతే నీ ఒళ్లు దాన్ని శత్రువనుకుని నీ పేగునే కొడుతుందట. పేగు లోపల మెత్తటి నూగు ఉంటుందట, అదంతా అరిగిపోతుందట. అందుకే నువ్వు ఎంత తిన్నా ఒంటికి పట్టలేదు, రక్తం ఊరలేదు. వాంతి చేసుకున్న ప్రతిసారీ విశేషమేనా అని రత్నమణి చక్కెర డబ్బాతో పరిగెత్తుకొచ్చేది. అప్పటి నీ ముఖం నాకు ఇంకా కళ్లముందే ఉంది. దీనికి మందు లేదు, మానడమే మందు, మానితే పేగు మళ్లీ చిగురిస్తుంది అని ఒక చోట రాసి ఉంది. ఆ వాక్యం కింద పెన్సిలు గీత ఉంటుంది. అది చదివిన రోజు నేను దేవుడి దగ్గర ఇంకో దీపం ఎక్కువ పెట్టాను.

రెండోది ఢిల్లీ డాక్టరమ్మ రాసినది. పాపం ఆమె బాధ వేరు. గోధుమ రొట్టె లేనిదే ముద్ద దిగనివాళ్ల కోసం రాసింది. ఓ అధ్యాయమంతా వాళ్లను ఓదార్చి ఓదార్చి చివరికి, జొన్న, రాగి, సజ్జ, కొర్ర తినవచ్చు, మొదట్లో కష్టంగా ఉన్నా ఓపిక పట్టండి అని చెప్పింది. నాకు నవ్వాగలేదు. మన రాగిసంగటిని, అందులోకి నంజుకునే ఊరిమిండిని, జొన్నరొట్టెను గుండె రాయి చేసుకుని తినమంటోంది. ఏ జబ్బూ మంచిది కాదు గానీ, ఈ జబ్బు వచ్చినవాళ్లు పుట్టవలసిన చోటే నువ్వు పుట్టావని ఆమె పుస్తకం చదివితే ధైర్యం వచ్చింది. నువ్వూ అది ముందు చదువు.

మూడోది సన్నగా ఉంటుంది. జబ్బు ఉన్నవాళ్ల కోసం కాదు, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం రాసింది. నాకు బాగా అక్కరకొచ్చింది అదే. గోధుమ ఎక్కడెక్కడ దాక్కుంటుందో ఆ పుస్తకం దొంగను పట్టించినట్టు పట్టిస్తుంది. మన ఇంగువ డబ్బాలోనే ఉంది, తెలుసా? ఇంగువను గోధుమపిండితో కలిపి గట్టిపరుస్తారట. నీకు చపాతీ మాన్పించి, పథ్యమని చారు పెట్టి, కడుపునొప్పికి మంచిదని అందులో ఇంగువ దండిగా దట్టించింది ఎవరు? నేనే. నువ్వు నొప్పి తగ్గలేదంటే ఇంకాస్త వేశాను. ఆ డబ్బా ఇప్పుడు చెత్తబండిలో పోయింది.

సత్యనారాయణస్వామి ప్రసాదం గోధుమరవ్వతో చేస్తారని ఆ పుస్తకంలో లేదు. అది మనమే కనిపెట్టాలి. మొన్న రత్నమణి ఇంట్లో వ్రతానికి పోయినప్పుడు నువ్వు ప్రసాదం కళ్లకద్దుకుని, నాకు పడదండీ అని మెల్లగా పక్కన పెట్టావు. ఎంత పద్ధతిగా చెప్పావో అనుకున్నాను. నువ్వు మీ ఊరు ఆత్మకూరు పోయాక రత్నమణి వీధంతా ఏం చెప్పిందో విను. అత్తాకోడళ్లకు పడదంట, కోడలే నోటితో చెప్పిందంట, అందుకే పుట్టింటికి పోయిందంట. నేను పోయి నిలదీస్తే ఏమాత్రం తొణకలేదు.

“పడదు అన్నది నీ కోడలే గదక్కా. ఏం పడదో, ఎవురు పడరో మేం అడగలా.”

మన భాషలో ఇదొక చిక్కు. వంకాయ పడకపోయినా అదే మాట, అత్త పడకపోయినా అదే మాట. నేను నవ్వుకుంటూనే ఇంటికొచ్చాను. గడప దాటాక మాత్రం నవ్వు పోయింది. నువ్వు బయల్దేరిన రోజు వంటింటి ద్వారం దగ్గర నిలబడి నాతో ఏదో చెప్పబోయి ఆగిపోయావు. డాక్టరు మళ్లీ చేసే పరీక్షలయ్యేదాకా అమ్మ దగ్గర ఉంటానన్నావు గానీ, మళ్లీ వస్తానని అనలేదు. రత్నమణి మాటలో నిజం లేదని నాకు తెలుసు. నీ నోటితో వింటే బాగుంటుంది.

ఇంకా కబుర్లేముంటాయి. మిషను దగ్గర పెద్ద రభస జరిగింది. రైతు తిమ్మన్న ఇంట్లో ఎలుకల బాధ పడలేక విత్తనానికి పెట్టుకున్న కొర్రల మూట మన దగ్గర దాచాడు. విత్తనం మూటలకు మీ మామ ఎర్ర రంగుతో చుక్క పెడతాడు. చుక్క ఉన్న మూటను ఇంకోదానితో కలపకూడదు, పట్టకూడదు, అసలు ముట్టుకోకూడదు. మిషను నడిపే ఏసేపు చూసుకోక దాన్ని రాయి దాకా మోసుకొచ్చాడు. మీ మామ గొంతు బజారు దాకా వినిపించింది. ఇన్నేళ్ల కాపురంలో నా మీద కూడా ఆయన అంత గొంతు ఎత్తలేదు. సాయంత్రం మళ్లీ ఏసేపుకు టీ తెప్పించి ఇచ్చాడనుకో.

జవాబు రాయి. ఫోను చేయకు, రాయి.

నీ అత్త,
రాజ్యలక్ష్మమ్మ.


వేంపల్లె,
మార్చి 11, 2025.

నా తల్లి అమూల్యకు,

అత్త ఆశీస్సులు. క్షేమసమాచారాలు ఈసారి పక్కన పెడుతున్నాను. నీ ఉత్తరం అందింది. మధ్యాహ్నం వంటింటి మెట్టు మీద కూర్చుని విప్పాను, పొయ్యి మీద పాలు పొంగి పోయినా లేవలేదు.

పుస్తకాలు బాగున్నాయన్నావు, జొన్నపిండి మెత్తగా ఉందన్నావు, ఢిల్లీ డాక్టరమ్మను చదివి మీ అమ్మ కూడా నవ్విందన్నావు. అక్కడిదాకా సంతోషంగా చదివాను. ఆ తర్వాత నువ్వు రాసిన నాలుగు మాటలు నాకు నోటికి వచ్చేశాయి.

“అత్తమ్మా, నా జబ్బు తెలిసిన వారానికే నా కంచానికి, గ్లాసుకు, పెనానికి ఎర్ర చుక్క పెట్టి పెరటి తలుపు పక్క అరలో వేరుగా పెట్టినారు. మామయ్య వంటింట్లోకి రావడం మానేసినారు. నా చేతి మజ్జిగ తాగడం మానేసినారు. నాకు పడనిది గోధుమ అనుకుంటి. ఇంటికి పడనిది నేనని తర్వాత తెలిసింది.”

అమ్మాయ్, ఇది మనసులో పెట్టుకుని నువ్వు మా మధ్య ఎన్ని రోజులు తిరిగావు? అన్నం వడ్డించావు, ముగ్గేశావు, నా కాళ్లకు నూనె రాశావు. మురళికి కూడా చెప్పలేదట. అడిగితే వాడు తెల్లముఖం వేశాడు.

వేరు కంచం అంటే ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ప్రొద్దుటూరులో మా చిన్నమ్మకు క్షయ వచ్చినప్పుడు ఆమెకు అల్యూమినియం కంచం ఒకటి పశువుల కొట్టంలో పెట్టారు. జబ్బు తగ్గింది, ఆమె మళ్లీ ఇంట్లోకి వచ్చింది, కంచం మాత్రం రాలేదు. పండక్కి అందరూ వరుసగా కూర్చుంటే ఆమె తన కంచం తాను తెచ్చుకుని చివర కూర్చునేది. చిన్నపిల్లను, నాకు చూడబుద్ధయ్యేది కాదు. అది చూసి పెరిగిన నేను, నా ఇంట్లో నా కోడలి కంచం వేరే అరలో ఉంటే అది నీకెలా ఉంటుందో ఆలోచించలేకపోయాను. మాకు ఆ ఎర్ర చుక్క రోజూ కళ్లముందు ఉండేదే. అలవాటైన దాన్ని మనం చూడము.

చుక్క నేనే పెట్టాను. తిట్టదలిస్తే నన్ను తిట్టు. ఆ సన్న పుస్తకంలో వంటింటి గురించి ఒక భాగం ఉంది, నీ దగ్గరే ఉంది, తీసి చూడు. ఇంట్లో మిగతావాళ్లు గోధుమ తింటుంటే జబ్బు ఉన్న మనిషికి కంచం, పెనం, జల్లెడ వేరుగా ఉండాలి, పొరపాటున కలవకుండా ఏదైనా గుర్తు పెట్టండి, పిండి ఎగిరే చోటికి దూరంగా ఉంచండి అని రాశారు. మన ఇంట్లో పిండి ఎగరని చోటు పెరటి తలుపు పక్క అర ఒక్కటే. మిషను రంగు చేతికి అందింది. పుస్తకం చెప్పింది చెప్పినట్టు జరిగింది. ఆ పుస్తకం రాసినవాళ్ల ఊళ్లో వేరు కంచం పెడితే జాగ్రత్త అంటారు. మన ఊళ్లో వేరు కంచం పెడితే వెలి అంటారు. ఆ సంగతి వాళ్లకు తెలియదు, మాకు గుర్తు రాలేదు. చుక్క పెట్టేముందు నిన్ను కూర్చోబెట్టి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

మజ్జిగ సంగతి మాత్రం నన్ను అడగకు. ఆ మనిషి సంగతి ఆయనే చెప్పుకోవాలి. నోరు తెరిస్తే కదా. పెళ్లిచూపుల్లో ఆయన నన్ను అడిగిన ఒకే ఒక్క మాట, ఫ్యాను వేయమంటారా అని. ఆ తర్వాత కూడా పెద్దగా ఏమీ అడగలేదు. నువ్వు వచ్చాక మధ్యాహ్నం నీ చేతి మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, ఉప్పు సరిపోయిందమ్మా అనేవాడు. ఆయన నోట్లోంచి రోజుకు ఒక వాక్యం రాబట్టిన మనిషివి నువ్వే.

మురళి ఇంకో మాట చెప్పాడు. మీ నాన్నగారు కర్నూలులో మీ ఇద్దరికీ అద్దె ఇల్లు చూస్తున్నారట. పిండి మిషను ఆనుకుని ఉన్న ఇంట్లో ఈ జబ్బుతో పిల్ల ఎలా ఉంటుందని ఆయన భయం. ఆ భయంలో తప్పు లేదు. నేను ఆయన స్థానంలో ఉంటే అదే చేసేదాన్ని. మురళి కంపెనీవాళ్లు కర్నూలుకు మారుస్తామన్నారట. ఉగాది తర్వాత నీ మాట చెబుతానన్నావట.

నీ ఒంటికి ఏది మంచిదో అదే చెయ్యి. పిండికి దూరంగా ఉండాలని కర్నూలు పోతే సామాను నేనే సర్ది లారీ ఎక్కిస్తాను, పప్పుగుత్తి కూడా మరిచిపోను. కానీ ఆ చుక్క చూసి పోతే మాత్రం ఒప్పుకోను. నువ్వు నాకు పడవని నీకు నువ్వే అనుకుని పోతే, నేను ఈ వీధిలో రత్నమణికి ముఖం చూపించగలను గానీ నాకు నేను చూపించుకోలేను. నువ్వంటే నాకు ప్రాణం. ఇది ఎదురుగా చెప్పాలంటే సిగ్గు, అందుకే ఉత్తరం.

పథ్యం తప్పకు. మీ అమ్మ ఇంగువ ఏదో చూడమను.

నీ అత్త,
రాజ్యలక్ష్మమ్మ.


వేంపల్లె,
ఏప్రిల్ 12, 2025.

చి.ల.సౌ. అమూల్యకు,

అత్త దీవించి రాయునది. నువ్వు బరువు పెరిగావని, రక్తం కూడా ఊరిందని మురళి చెప్పాడు. చెబుతూ చెబుతూ వాడే నాలుగు కిలోలు పెరిగినట్టు కనిపించాడు. పేగు చిగురుస్తోందన్నమాట. దొరసాని పుస్తకం అబద్ధం చెప్పలేదు.

ఉగాది బాగా జరిగింది అని రాయాలి. జరిగిన తీరు చెబుతాను, నువ్వే పేరు పెట్టుకో. ఈ ఇంట్లో ఇక గోధుమ, మైదా వంట ఉండదని పండక్కి ముందే తీర్మానించాను. మరి ఓళిగలో? మీ వైపు భక్షాలంటారు, పేరు ఏదైనా పైపొర మైదానే. బియ్యప్పిండి ఉడికించి, అరటాకు మీద తట్టి, పూర్ణం పెట్టి మూశాను. పెనం మీద వేయగానే నాలుగు దిక్కులా పగిలింది. రెండోది ఎనిమిది దిక్కులా పగిలింది. చివరికి పూర్ణం ఒక గిన్నెలో, ముక్కలు ఇంకో గిన్నెలో పెట్టి, రెండూ కలిపి తింటే ఓళిగేనని చెప్పాను. మురళి నోరు మూసుకుని తిన్నాడు. మీ మామ నెయ్యి అడిగి వేసుకుని, మళ్లీ పెట్టించుకున్నాడు. ఆయనకు నచ్చిందో, నా మీద జాలేసిందో తెలియదు. జిగురు లేని పిండికి జిగురు ఎలా తెప్పించాలో పుస్తకాల్లో ఏదో గింజల పొట్టు అని ఉందట. వచ్చే ఉగాదికి నువ్వు చదివి చెప్పు, నేను తడతాను.

ఇంట్లో మార్పులు చెబుతాను. నీ కంచం, గ్లాసు, పెనం ఆ పెరటి అరలో లేవు. మా కంచాల మధ్య, ముందు వరుసలో ఉన్నాయి. గోధుమపిండి డబ్బా, మైదా, రవ్వ, చపాతీ పీట, కర్ర అన్నీ ఇల్లు విడిచి పోయాయి. కొత్త జల్లెడ కొన్నాను. మీ మామకు షుగరని రాత్రి చపాతీ తినమన్న డాక్టరునే అడిగితే, జొన్నరొట్టె అయినా సరే, లెక్క ప్రకారం తినమన్నాడు. అడిగేదాకా మనకు తోచదు.

పోతే, నా సంగతి నీకు తెలుసు. నాకు పూరీ అంటే ప్రాణం. పూర్తిగా మానలేకపోయాను, దాచడమెందుకు. ఆదివారం బజారునుంచి తెప్పించుకుని, మిషను అరుగు మీద కూర్చుని, నాకని పెట్టుకున్న వేరు కంచంలో తిని, అక్కడే కడిగి, నోరు చేతులు కడుక్కుని ఇంట్లోకి వస్తాను. ఈ ఇంట్లో ఇప్పుడు వేరు కంచం ఉన్నది నాకొక్కదానికే. మొన్న రత్నమణి చూసింది. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. మీ మామ పేరెత్తి, పెద్దసుబ్బయ్య కోడలు పుట్టింట్లో కూర్చునే అత్తను బయట అరుగు మీదికి తోసిందంట, వేరు తట్టలో తినిపిస్తాందంట అని. ఈసారి నేను నిలదీయలేదు. నీ పేరు మన వీధిలో ఎంత ఎత్తుకు పోయిందో చూడు, పక్కింటి కోడళ్లు నీ గురించి ఆరా తీస్తున్నారు.

ఇంకొకటి. వంటింటినుంచి మిషనులోకి పోయే తలుపు ఇప్పుడు లేదు. తీసేసి గోడ కట్టించారు, సున్నం కూడా వేశారు. మీ మామ పని అయ్యాక వీధి చుట్టూ తిరిగి పెరట్లోకి వచ్చి, కొళాయి కింద తల మీదినుంచి స్నానం చేసి, మిషను బట్టలు బయటే వదిలి, అప్పుడు ఇంట్లో అడుగు పెడతాడు. గోడ కట్టించమని నేను చెప్పలేదు. మేస్త్రీ వచ్చి ఇటుకలు దించేదాకా నాకు తెలియనే తెలియదు. మునుపు మిషనునుంచి వంటింట్లోకి ఒక్క అడుగులో వచ్చిన మనిషికి ఇప్పుడు బజారు మలుపు తిరగాలి. మోకాళ్ల నొప్పి ఉంది, ఒక్క రోజూ అనలేదు.

కర్నూలు పోవాలా, ఇక్కడికి రావాలా అని నువ్వు అడిగినదానికి నా మాట ఇదే. గోడ వచ్చింది కాబట్టి రావాలని లేదు. మీ నాన్నగారు చూసిన ఇల్లు గాలీ వెలుతురూ ఉన్నదైతే పోండి, మేమే వచ్చి పోతుంటాము. డాక్టరును అడిగి, నీ మనసును అడిగి చెప్పు. ఏది చెప్పినా నీ కంచం ముందు వరుసలోనే ఉంటుంది.

మీ అమ్మానాన్నలకు నమస్కారాలు.

నీ అత్త,
రాజ్యలక్ష్మమ్మ.

తా.క.: ఈ కవరు మీద తపాలా బిళ్ల లేదని చూశావో లేదో. పై ఉత్తరం నిన్న వేంపల్లెలో రాశాను. పోస్టులో వేయబోతుంటే మీ మామ చేతిలోంచి తీసుకుని, పోదాం పద అన్నాడు. ఈ ముక్కలు ఆత్మకూరులో, మీ ముందు గదిలో కూర్చుని రాస్తున్నాను. నువ్వు లోపల తల ఆరబెట్టుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. పిలవవద్దని, ముందు ఇది చదివించమని బతిమాలాను.

నా రెండో ఉత్తరంలో ఒక అబద్ధం ఉంది. నీ కంచానికి చుక్క నేను పెట్టలేదు, మీ మామ పెట్టాడు. పుస్తకాలు తెప్పించింది ఆయనే. మిషను గదిలో డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ చదివి నాకు చెప్పిందీ, పేగు చిగురిస్తుందన్న మాట కింద గీత గీసిందీ ఆయనే. అత్త మీద కోపమైతే లోకంలో ఉన్నదే, నాలుగు రోజుల్లో పోతుంది, మామ మీద కోపమైతే మనసులో ఉండిపోతుందని నా మీద వేసుకున్నాను.

ఆ చుక్క చూసి నువ్వు ఏమనుకున్నావో ఆయనకు ఇవాళ బస్సులో చెప్పాను. నంద్యాల దాటాక అన్నాడు.

“విత్తనం మూటకు పెట్టే చుక్కే గదా పెడ్తి. అంతకన్నా బద్రంగా మనం దేన్ని పెట్టుకుంటాం?”

మజ్జిగ మానింది కూడా అందుకే. గ్లాసు అందుకునేటప్పుడు తన చేతి పిండి నీ చేతికి అంటుతుందని.

ఇప్పుడు మీ గేటు బయట ఎండలో నిలబడి ఉన్నాడు. తెల్లవారి రెండుసార్లు స్నానం చేశాడు, మిషను గాలి తగలని కొత్త పంచె కట్టుకున్నాడు. అయినా ఒంటి మీద ఎక్కడైనా పిండి ఉందేమోనట, నువ్వు రమ్మంటే గానీ లోపలికి రాడట. మీ నాన్నగారు చెయ్యి పట్టుకుని లాగినా కదల్లేదు.

కర్నూలా వేంపల్లెనా అన్నది తర్వాత మాట్లాడుకుందాం. ఇంత ఉప్పు వేసి ఒక గ్లాసు మజ్జిగ తీసుకుని బయటికి పోమ్మా.